తడికలో ఇరవై ఒక్క కోడిపిల్లలు

ఉప్పలగుప్తం,
18-8-1957.

ప్రియమైన మీకు,

మీ మాణిక్యం నమస్కరించి వ్రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ అత్తయ్య, నేను, చంటిది మేరీ కులాసాగా ఉన్నాము. ఖరగ్‌పూర్‌లో మీరూ కులాసాగా ఉన్నారనీ, వర్క్‌షాపులో కాలికి తగిలిన దెబ్బ మానిందనీ తలుస్తాను.

ఇల్లు కారుతోందా అని అడిగారు. కారడం లేదు, వానలకు ముందే కొత్త తాటాకు కప్పించాం. మేరీకి పళ్ళొస్తున్నాయి, దొరికిందల్లా కొరుకుతోంది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయన్నారు. ఆవిడకు నొప్పులు గుర్తుండే తీరిక ఉంటే కదా!

మీరు ఉత్తరంలో ‘ఆ కోళ్ళ గోల’ అని రాశారు. చూడలేదు గనక అన్నారు. ఒక్కపూట ఇక్కడ ఉంటే ఆ మాట అనరు. బ్లాకు ఆఫీసువాళ్ళు రోజు వయసు పిల్లల్ని ముప్పై ఇచ్చి, తల్లికోడి లేకుండా పెంచి చూపించమన్నారు కదా. గ్రామసేవకులు వీర్రాజుగారు చదరంగా గూడు కట్టమన్నారు. అత్తయ్య వినలేదు. “మూలలుంటే చలికి అందులోకి దూరిపోయి ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయండీ” అని పాత తడికను గుండ్రంగా చుట్టింది. అడుగున ఊక పరిచి, మధ్యన లాంతరు పెట్టి, దాని మీద చిల్లులు పొడిచిన కిరసనాయిలు డబ్బా బోర్లించింది. పిల్లలు డబ్బాకు అతుక్కుపోతే వత్తి పెంచుతుంది. దూరం జరిగి నోళ్ళు తెరిస్తే తగ్గిస్తుంది. వీర్రాజుగారు వేడి చూసే గాజుగొట్టం తెచ్చారు గాని, రెండు రోజులు చూసి మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నారు.

నీళ్ళకు కొబ్బరి చిప్పలు. పిల్లలు అందులో పడి మునిగిపోకుండా చిప్పనిండా గులకరాళ్ళు. సాయంత్రం పాతకుండలో తడిగడ్డి, పేడ కూరి కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లిస్తే, తెల్లారేసరికి నిండా చెదపురుగులు. అవి దులిపినప్పుడు పిల్లలు పడే సంబరం చూడాలి. నాకు చద్దన్నం పెట్టడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, వాటికి చెదలు మరిచిపోయిన రోజు లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది తోటకూర. కిందపడేస్తే నిమిషంలో తినేసి ఊరుకుంటాయని, కట్టకు తాడు కట్టి వాటి ముక్కులకు కాస్త పైన వేలాడగడుతుంది. ఎగరడం, పొడవడం, అది ఊగడం, మళ్ళీ ఎగరడం. పిల్లలు పెరిగినకొద్దీ తాడు పైకి లాగుతుంది. ఎక్కి దిగడానికి కొబ్బరి డొక్కలు పేర్చింది. “ఇదంతా దేనికి అత్తయ్యా?” అంటే, “పనీపాటా లేకుండా కూర్చోబెడితే మనుషులే ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటారమ్మా. ఇయ్యెంత?” అంది. నిజమే, ముప్పైలో ఒక్కదానికీ బొట్టు రక్తం రాలేదు. అక్షరం రాని ఈవిడకు ఇదంతా ఎవరు నేర్పారా అని నేను అలా చూస్తూ నిలబడిపోతాను.

ఇక అసలు సంగతి. రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

పోయిన ఉత్తరంలో అత్తయ్య చెప్పగా నేను రాసిన మాటలు మీకు గుర్తుండే ఉంటాయి. ‘నా చేతకానితనం వల్ల తొమ్మిది పిల్లలు చచ్చిపోయేయి నాయనా’ అని. ఆ తొమ్మిదింటినీ చంపింది అత్తయ్య కాదు. నేను.

బ్లాకువాళ్ళిచ్చిన పుస్తకంలో మేతలో చేపపొడి కలపమని ఉంది. మిషను బోర్డింగులో ఎనిమిదో క్లాసు చదివినదాన్ని కదా, నాకు తెలియదా అనుకున్నాను. ఓడలరేవు నుంచి కూరకని తెచ్చుకున్న ఎండుచేపలు దంచేశాను. “ఉప్పు చేపమ్మా, పసిగుడ్లు తట్టుకోలేవేమో” అని అత్తయ్య అంది. “పుస్తకంలో ఉంది అత్తయ్యా, మీకు తెలియదు” అన్నాను. ఆ పొడి మేతలో కలిపి చల్లేశాను.

మధ్యాహ్నానికి పిల్లలన్నీ నీళ్ళ చిప్పల మీద పడ్డాయి. తాగినకొద్దీ దాహం. తరవాత ఒక్కొక్కటే తల వాల్చేశాయి. నేను ఏడుస్తూ కూర్చున్నాను. అత్తయ్య మేత మొత్తం తీసి పారబోసి, ఉత్త నూకలు చల్లి, లేవలేని వాటిని ఒళ్ళో పెట్టుకుని వేలికొసతో చుక్క చుక్క నీళ్ళు పట్టింది. పొద్దుగూకేవరకూ కదలలేదు. అలా ఇరవై ఒకటి దక్కాయి.

మర్నాడు వీర్రాజుగారు వచ్చి, “చదువురాని ముసలమ్మ చేతికిస్తే ఇలాగే ఉంటుంది” అని నలుగురిలో కేకలేశారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, “ఆయ్, నాదేనండీ తప్పు. ఉప్పు చేపని చూసుకోలేదండీ” అంది. తరవాత నాతో, “రేపు ఈ పేటలో ఆడోళ్ళందరికీ పిల్లల్నిస్తే పుస్తకం చదివి చెప్పాల్సింది నువ్వే. నీ మాట పోకూడదు. నా మాట పోతే ఏఁవైందిలే” అంది. మీకు మాత్రం రాయొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఊరుకున్నాను. ఆ అబద్ధాన్ని నా చేత్తోనే రాసి మీకు పంపాను.

కోళ్ళ పెంపకానికి ఇంటి మగవారి ఒప్పుదల రాసి తెప్పించకపోతే ఒకటో తారీకున మిగిలిన పిల్లల్ని పట్టుకుపోతానని వీర్రాజుగారు అన్నారు. ఆ ఒప్పుదల అడిగితే మీరేమో ‘ఈ వయసులో నీకెందుకమ్మా, చేతగాని పని, ఇచ్చేయి’ అని రాశారు. మీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క దాటేశాను. “అబ్బాయి కోళ్ళ సంగతేం రాయలేదా?” అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. అప్పటినుంచి తోటకూర కడుతూ కూడా వీధివైపే చూస్తోంది, పోస్టుమాను వస్తాడేమోనని.

ఒట్టు తప్పాను. దానికి ప్రభువు నన్నేం చేసినా సరే. మీరు వీర్రాజుగారికి ఒప్పుదల రాసి పంపండి. ఆయనకు నిజం నేనే వెళ్ళి చెబుతాను. అత్తయ్యకు మాత్రం, తప్పు తనది కాదని మీకు తెలిసిందని వేరే కాగితం మీద రాయండి. అందులో నన్ను ఎంత మాట అనాలనిపిస్తే అంత మాటా అనండి. ఆవిడకు చదివేది నేనే కదా. ఈసారి ఆవిడ ఎదురుగా కూర్చుని, ఒక్క అక్షరం దాటకుండా చదువుతాను.

ఇట్లు,
మీ భార్య
మాణిక్యం