బాగు చేయించిన గొడుగు

చెల్లికి,

దిగులు పక్కన పెట్టి చదువు. నీ కూతుర్ని కింది తరగతికి దించరట. టీచరే స్వయంగా చెప్పారు. అది బడిలో నోరు విప్పింది.

నువ్వు కొత్త ఉద్యోగానికి వెళ్తూ దాన్ని నా దగ్గర వదిలినప్పటి నుంచి క్లాసులో ఒక్క మాటా మాట్లాడలేదనే కదా దించుతామన్నారు. మొన్న టీచరు, ఇంట్లో పాడైన వస్తువు తెస్తే దాంతో కొత్తది చేద్దామన్నారట. ఇది ఊచలు విరిగిన నా నల్ల గొడుగు తీసి పెట్టుకుంది. పిల్ల విరిగిన గొడుగు పట్టుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారని, దానికి చెప్పకుండా బాగు చేయించి సంచిలో పెట్టాను.

క్లాసులో సంచి తెరిచి ఒక్క అరుపు అరిచిందట.

"టీచర్, మా పెద్దమ్మ దీన్ని బాగు చేయించి పాడుచేసేసింది!"

పిల్లలు పగలబడి నవ్వారట. ఇదీ నవ్విందట. టీచరు కత్తెర చేతికిచ్చి, "అయితే నువ్వు మళ్లీ పాడుచెయ్యి తల్లీ. ఏం చేస్తున్నావో మాకు చెబుతూ చెయ్యి" అన్నారట. గుడ్డను రెండుగా కత్తిరించి, ఊచలు వంచి, గబ్బిలాన్ని చేసింది. అది ఎక్కడ వేలాడుతుందో, ఏం తింటుందో, ఎవరితో పోట్లాడుతుందో, గంట కొట్టేదాకా చెబుతూనే ఉందట.

నా గొడుగు పోయింది. పోనీ.

సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే, పక్కన చేరి గబ్బిలం సంగతి మళ్లీ మొదలుపెట్టింది. దేవుడు కాసేపు ఆగుతాడులే అని కళ్లు తెరిచి విన్నాను.

మీ అక్క