రెండు కోట్ల నేల

చిరంజీవి మనవరాలికి, మోకాలి ఆపరేషన్ చేయించుకుని మీ చిన్నమ్మమ్మ ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్న అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ క్షేమం. నా చెల్లెలు నన్ను మంచం దిగనివ్వదు, తను నోరు మూయదు. ఫోను చేయమని అడిగావు. చేయను. ఫోనులో అన్న మాటను అనలేదని ఎవరైనా బుకాయించవచ్చు. ఉత్తరమైతే తేదీతో సహా చూపించి నిలదీయవచ్చు. రోజూ ఇటు వచ్చే పార్సిల్ వ్యాను డ్రైవరు మన ఉత్తరాలు అందిస్తానన్నాడు.

అసలు విషయం. మన ఇంటి నేల అసలైన రాతిపలకలు. నేనూ మీ తాతయ్యా కొట్టుకొట్టూ తిరిగి, ఒక్కో పలకా తట్టి చూసి ఏరుకున్నవి. నువ్వూ మీ ఆయనా ఇల్లు చూసుకుంటామంటే నమ్మి తాళాలిచ్చాను. ఆ తాళాలు తనకివ్వమని మీ పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. నేను వచ్చేసరికి నేల పాడైందో, తాళాలు దానికి, అద్దె గది మీకు. ఇందులో మార్పు లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: నేలకు మంచినీళ్లు, మెత్తని గుడ్డ చాలు. ఫోన్లో చూసిన చిట్కాలు ఆ ఫోన్లోనే ఉంచు.

*

అమ్మమ్మకు, ఏ పాపమూ ఎరగని మనవరాలి నమస్కారాలు.

ఇక్కడంతా బాగుంది. చాలా బాగుంది. నువ్వు తొందరపడి వచ్చేయకు.

ఆదివారం ఊరికే చుక్క వేసి చూశాం. హాల్లోది గటగటా తాగేసింది. వంటింట్లోది కాస్త నయం, మెల్లగా తాగుతోంది. కిటికీ పక్కదైతే, వేయడమే ఆలస్యం, నల్లబడిపోతోంది! ఇంత తాగుతుందని నాకిన్నాళ్లూ తెలియనే తెలియదు. మా ఆయన నిన్నటి నుంచి హాల్లో మోకాళ్ల మీదే ఉన్నారు. లేవమన్నా లేవడం లేదు.

నీ ముద్దుల మనవరాలు

తా.క.: మనింట్లో వెనిగర్ సీసా ఎప్పుడూ లేదు కదా? ఉందని ఎవరన్నా నమ్మకు.

*

మనవరాలికి. ఆశీస్సుల సంగతి తర్వాత చూద్దాం.

చుక్క వేశారా? నా ఇంట్లో? హాల్లో గటగటా తాగింది ఎవతె? వంటింట్లో మెల్లగా తాగుతున్న ఆవిడ ఎవరు? కిటికీ పక్కన నల్లబడుతున్న మూడో ఆవిడకు డాక్టరును పిలిచారా, లేదా? వీళ్లంతా ఇన్నాళ్లూ నా ఇంట్లోనే ఉండి తాగుతున్నట్టు రాశావే, మరి నాకెందుకు కనపడలేదు?

ముగ్గురినీ మర్యాదగా సాగనంపు. మీ ఆయనను లేపి, మొహాన చెంబుడు నీళ్లు కొట్టు.

అమ్మమ్మ

తా.క.: పెళ్లిలో కాఫీ కూడా వద్దన్న పిల్లాడు. ఆనాడే అనుమానించాల్సింది.

*

అమ్మమ్మకు, హడావిడిగా నమస్కారాలు.

నీ జవాబు ఇంకా అందలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అందుకని రెండు ముక్కలే. ఇంటికి సీలు పడిపోయింది. హాలు, వంటిల్లు, మొత్తం. అనుకున్నదాని కంటే ఎక్కువే అయింది, రెండు కోట్లు! గుమ్మానికి అడ్డంగా టేపు కట్టి ఉంది. లోపల అడుగు పెట్టడానికి లేదు. సామానంతా లోపలే. మేం పక్కింట్లో పడుకుంటున్నాం. నువ్వు మాత్రం ఇప్పుడు రాకు.

మనవరాలు

తా.క.: మూడో కోటు కూడా తప్పదేమోనని మా ఆయన దిగులు.

*

నా బంగారు తల్లికి, అమ్మమ్మ వేయి ఆశీస్సులు.

తాగుడు సంగతి మరిచిపో. మనుషులకు కష్టాలు వస్తాయి. రెండు కోట్ల అప్పు ఎలా చేశారని నేనడగను. తర్వాత అడుగుతాను. మీ లాయరు మామయ్య, అదే, మీ చిన్నమ్మమ్మ కొడుకు, పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. వేళకు తిను. ఇంటికి సీలు వేసినవాడి హోదా రాయి.

నీ అమ్మమ్మ

తా.క.: ఎంత కష్టంలో ఉన్నా గుణింతం తప్పకూడదు. మూడో కోటు కాదు, మూడో కోటి.

*

అమ్మమ్మకు, తల వంచుకుని నమస్కారాలు.

నీ మొదటి జవాబు డ్రైవరు జేబులోనే మరిచిపోయాడట. రెండూ ఒకేసారి అందాయి. చదివి మా ఆయన నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడ్డారు.

అమ్మమ్మా, తాగింది ఆడవాళ్లు కాదు, రాళ్లు! రాతిపలక మీద నీటి చుక్క వేస్తే అది పీల్చేసుకుని నల్లబడిందంటే, పైన పూత అరిగిపోయిందని లెక్క. అప్పుడు కడిగి, బాగా ఆరనిచ్చి, నీళ్లు ఇంకకుండా సీలర్ అనే పూత పూయాలి, దాన్నే సీలు వేయడం అంటారు. ఒకసారి పూస్తే ఒక కోటు, రెండుసార్లు పూస్తే రెండు కోట్లు. ఆరేదాకా ఎవరూ తొక్కకుండా టేపు కట్టింది మేమే.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే, తళతళలాడుతుందని నేను నేలను వెనిగర్‌తో తుడిచాను. పులుపు తగిలి రాయి మెరుపు చచ్చిపోయింది. పాలిష్ పొడి వేసి రుద్దీ రుద్దీ ఆ మచ్చ పోగొట్టారు మా ఆయన. మోకాళ్ల మీద ఉన్నది అందుకే.

నీకు తెలియకుండా గట్టెక్కేదాన్నే. కానీ రెండో కోటు ఇంకా ఆరకముందే, మేం ఆఫీసుకు వెళ్లిన వేళ చూసి, ఎవరో పెరటి తలుపు తీసుకుని దూరారు! పచ్చి పూత మీద నడిచి బీరువా దాకా వెళ్లి వచ్చారు. ఒక అడుగు తిన్నగా ఉంది, ఒక అడుగు ఈడ్చుకుంటూ ఉంది, పక్కనే గుండ్రంగా కర్ర గుర్తు. నీ గాజులు ఉన్నచోటే ఉన్నాయి. పోయినవల్లా నా డిగ్రీ సర్టిఫికెట్లు, మా పెళ్లి ఫోటో! ఏం దొంగో ఏమో. సాయంత్రం పోలీసులకు చెబుదామంటున్నారు మా ఆయన.

అడుగులు గట్టిపడిపోయాయి, ఎంత తుడిచినా పోవడం లేదు. నువ్వన్న మాట గుర్తుంది. తాళాలు పిన్నికి ఇచ్చేస్తాం. అద్దె గది వెతుకుతున్నాం.

మనవరాలు

తా.క.: "సీలు వేసినవాడి హోదా రాయి" అన్నావు. హోదా రాయి కావడమేమిటని చాలాసేపు తలగోక్కున్నాం. సీలు వేసింది మా ఆయనే. ఇంట్లో ఆయన హోదా నీకు తెలిసిందే.

*

చిరంజీవి మనవరాలికి, కాలు మళ్లీ దిండు మీదకు చేర్చుకున్న అమ్మమ్మ ఆశీస్సులు.

పోలీసులకు చెప్పకు. చెప్పి ఉంటే వెనక్కి తీసుకో. ఆ దొంగ నాకు బాగా తెలిసిన మనిషి. చదువుకున్నది, మంచి కుటుంబం.

మీ లాయరు మామయ్య పేజీ తిప్పేలోగా అధికారులు సామానంతా ఎత్తుకుపోతారనిపించింది. ఎవరికీ చెప్పకుండా వ్యాను ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను. అతను పక్కింట్లో ఉత్తరాలు ఇచ్చి వచ్చేలోగా నా పని నేను చేసుకున్నాను. పెరటి తాళం చెవి ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. నేల జిగటగా తగిలితే, తుడవలేదని నిన్ను తిట్టుకుంటూ నడిచాను.

గాజులు పోతే నా చేతులు తేలికవుతాయి, అంతే. నీ సర్టిఫికెట్లు పోతే మళ్లీ పరీక్షలు రాయాలి. నీ గుణింతాలతో ఈసారి గట్టెక్కుతావన్న నమ్మకం నాకు లేదు. ఫోటో మాత్రం చేతికి తగిలింది, తెచ్చాను. నిన్ను చూస్తే గట్టిగా ఉండలేనని ఆగకుండా తిరిగొచ్చేశాను.

నా వైపు నుంచి పొరపాటేమీ లేదు. కోటుకు బహువచనం కోట్లు. కోటికీ కోట్లే. ఈ తప్పు భాషది, నాది కాదు.

సర్టిఫికెట్లు డ్రైవరుతో పంపుతున్నాను. ఫోటో నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: నేల పాడుచేసినవాళ్లు ఇల్లు ఖాళీ చేయాలన్నది నా మాట. మాట తప్పే అలవాటు నాకు లేదు. కాబట్టి ఆ అద్దె గది ముగ్గురికి సరిపోయేలా చూడు. లేదంటే ఆ అడుగుల మీద చాప పరిచి, మీ పిన్ని దగ్గర నోరు మూసుకో.