పొట్టేలుకు పేరు లేదు

అక్కా,

ఇది నీకు చేరదని తెలుసు. అయినా రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఈరోజు నీ సంవత్సరీకానికి తమిళనాడుకు, కయత్తారు పక్కన మీ అత్తగారి ఊరికి వచ్చాను.

మీ మందలో గొర్రెలు రెండేళ్లుగా చూలు కట్టడం లేదు. గొడ్డు గొర్రెలని మీ అత్త సగానికి పైగా సాత్తూరులో కోతకు అమ్మేసింది. పశువుల్లో వీర్యకణాలు ఎలా తయారవుతాయో చూడటమే కదా నా పని. అందుకే పోయినసారి వచ్చినప్పుడు మందలోని ఒకే ఒక్క పొట్టేలును మా ల్యాబులో పరీక్ష చేయించాను. తప్పు గొర్రెలది కాదు. పొట్టేలు జన్యువులోనే లోపం ఉంది. దాని వీర్యకణాలు సగంలోనే ఎదగడం మానేస్తున్నాయి.

ఆ మాట చెబితే మీ అత్త దాని మెడ నిమిరింది. "పావం, అది ఏమి చేసును? పుట్టేటప్పుడే అట్ల పుట్టిండాది."

నా ఒళ్లు మండిపోయింది. పిల్లలు కలగలేదని వెళ్తే కోవిల్‌పట్టి డాక్టరు నిన్నూ బావనూ ఇద్దరినీ రమ్మంటే, "మొగోనికి ఏం టెస్టు" అని నిన్నొక్కదాన్నే బస్సెక్కించిన మనిషే ఈమె. బావ అప్పుడూ నోరు విప్పలేదు, ఇప్పుడూ విప్పలేదు.

"చూలు కట్టకపోతే గొర్రెను గొడ్డు అంటారు. మరి దీన్ని ఏమంటారు, అత్తా?" అని అడిగాను.

ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది.

"మొగదానికి అట్ల పేరు లేదు, పాపా."

నీకు మాత్రం పెళ్లయిన రెండో ఏడే గొడ్రాలని పేరు పెట్టారు. పాడె ఎక్కించినప్పుడు కూడా ఆ పేరు తీసెయ్యలేదు.