తాతయ్య పేల్చని తుపాకీ

ఆదిత్యపూర్,
శుక్రవారం.

తాతయ్యకు వందనాలు.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాస్తున్నాను. ఎదురుపడితే ఇక్కడ అలవాటైన హిందీలో సారీ చెప్పేసి తప్పించుకుంటానని నా భయం.

మీ డెబ్బై అయిదో పుట్టినరోజు కృతజ్ఞత కూడికలో మీ జీవితం రాసి చదివే పని నాకిచ్చారు. యుద్ధంలో మిలటరీ లారీలు బాగుచేశారని, తర్వాత ఉద్యోగం చేస్తూనే చదివి ఇంజనీరయ్యారని, నానమ్మకు స్కూటర్ నేర్పారని రాశాను. నాకది చప్పగా అనిపించింది. కొత్తగా నేర్చుకున్న పెద్ద పెద్ద తెలుగు మాటలు వాడాలన్న ఆశతో, మీరు ఏడుగురు శత్రువులను నేలకూల్చారని చేర్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు ఆ ఏడుగురి చావుకు దేవునికి స్తోత్రం చెప్పారు.

మీరు నా దగ్గరికొచ్చి, "ఆళ్ల అమ్మలు కూడా ప్రార్థన సేసుంటారే, గుంటా" అన్నారు. ఆ తర్వాత రెండు ఆదివారాలు చర్చికి రాలేదు.

ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు నిలబడతానని పాస్టరుగారికి చెప్పాను. మా తాతయ్య ఒక్క తూటా కూడా పేల్చలేదు, ఆ ఏడుగురినీ చంపింది నేనే అని చెబుతాను. మీరు ముందు బెంచీలో కూర్చుంటే నేను మళ్లీ హిందీలోకి జారిపోతానేమో.

అయినా రండి.

మీ మనవరాలు