కొండ దిగి, నీళ్లలోకి

మే 28, బుధవారం

ట్రయథ్లాన్ వాయిదా పడింది. రిజర్వాయరులో నీటి పరీక్ష సరిగా రాలేదట. కొత్త తేదీ జూన్ 22. మెయిల్ చదివి ఆఫీసులోనే నవ్వేశాను. పక్క సీటాయన ఏ బస్సయినా బోల్తా పడిందా అని అడిగాడు. సిటీ బస్సులకి టైమ్‌టేబుళ్లు వేసే సెక్షన్ మాది. ఇక్కడ నవ్వడం అంత మామూలు విషయం కాదు.

జూన్ 16 నుంచి 19 దాకా వదినతో మౌంటెన్ బైకింగ్. కొండ మీద బసలన్నీ బుక్ అయిపోయాయి, వదినకి సెలవు కూడా దొరికింది. అంటే కొండ దిగిన మూడో రోజున రెండు కిలోమీటర్లు ఈది, తొంభై తొక్కి, ఇరవై ఒకటి పరిగెత్తాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు రిజర్వాయరు, వెనక కొండ.

మే 29, గురువారం

కోచ్‌కి ఫోన్ చేశాను. రెండింట్లో ఒకటి వదులుకో అన్నాడు. రేసు ముందు వారం కాళ్లని పసిపిల్లల్లా చూసుకోవాలట, కొండలెక్కించకూడదట. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలుసుగా అన్నాడు. తెలుసు. నీళ్లలో పడతాను.

సాయంత్రం అన్నయ్య వాళ్లింటికి వెళ్లి, ట్రిప్ వెనక్కి జరుపుదామా వదినా అని అడిగాను. వదిన ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. రోజంతా దుప్పట్లు మడత పెట్టించి, ఇంటికొచ్చి మళ్లీ దుప్పట్లే మడత పెడుతుంది. మడత ఆపకుండానే, నువ్వు రాకపోయినా నేను వెళ్తానమ్మాయ్ అంది. నాలుగు రోజులు నన్నెవరూ ఏ వస్తువు ఎక్కడుందని అడక్కూడదు, నాక్కావాల్సింది అంతే అంది. వెనక గదిలోంచి అన్నయ్య, నా చార్జర్ ఎక్కడుందోయ్ అని కేకేశాడు.

వదిన మౌంటెన్ బైక్ కొని మూడు నెలలు కూడా కాలేదు. ఒక్కదాన్నే ఎలా పంపను? రెండూ చేస్తానని చెప్పేశాను. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం అని అన్నయ్య అన్నాడు.

మే 30, శుక్రవారం

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. వదిన కోసం ఒప్పుకున్నానని అందరూ అనుకుంటున్నారు. అది సగం.

పోయినేడు ఇదే రేసులో నన్ను బోటులోకి లాగారు. మూడొందల మీటర్లు కూడా ఈదలేదు. అలల్లేవు, ఎవరూ తన్నలేదు, కాలు పట్టేయలేదు. నీళ్ల కింద అడుగు కనిపించలేదు, అంతే. ఊపిరి అందలేదు. సాయం కోసం చెయ్యెత్తేశాను. బోటులో నీళ్ల సీసా ఇచ్చారు గానీ మూత తిప్పడానికి నా వేళ్లు ఆడలేదు. ఇంట్లో మాత్రం సైకిల్ చెడిపోయిందని చెప్పాను. ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు.

ఈసారి కూడా చెయ్యెత్తితే? కొండ ఉందిగా. కాళ్లు అలిసిపోయాయని చెప్పుకోవచ్చు. నాకు కొండ మీద ప్రేమ కాదు, నాకో సాకు కావాలి.

జూన్ 9, సోమవారం

పూల్‌లో మూడు కిలోమీటర్లు. పూల్‌లో అడుగు కనిపిస్తుంది. లెక్కలోకి రాదు.

జూన్ 16, సోమవారం, సాయంత్రం

మొదటి రోజంతా ఎక్కుడే. వదిన మాట్లాడుతూనే ఎక్కింది. లాండ్రీలో ఎవరు ఎవరితో మాట్లాడరో, ఏ డాక్టరు కోటు జేబులో ఏం వదిలేస్తాడో, అన్నీ చెప్పింది. అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో తెలియదు. నేను ప్రతి మలుపులోనూ వాచీ చూస్తుంటే, కొండకి టైమ్‌టేబుల్ లేదే గడియారం అంది. నన్ను ఆవిడ పిలిచే పేరు అది.

బసలో ఎనిమిది మంచాలు, ఒకటే కిటికీ. వదిన పడుకున్న క్షణమే నిద్రపోయింది.

జూన్ 17, మంగళవారం

వాన, రాళ్లు, బురద. నేను రెండుసార్లు పడ్డాను. వదిన ఒక్కసారీ పడలేదు. ఎందుకంటే ఏటవాలు దిగుడు రాగానే ఆగుతుంది, దాన్ని నాలుగు తిడుతుంది, దిగి సైకిల్ నడిపించుకుంటూ పోతుంది, కింద మళ్లీ ఎక్కుతుంది. సిగ్గు అన్న మాటే లేదు. వెనక నుంచి కుర్రకారు దూసుకుపోతుంటే దారిచ్చి, మెల్లగా నాయనా అని కూడా చెబుతోంది.

నా తొడలు పిక్కలతో చెప్పుకుంటున్నాయి. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది.

జూన్ 18, బుధవారం

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

మధ్యాహ్నానికి పైకి చేరాం. రాయి మీద కూర్చుని ఉడికించిన బంగాళదుంపలు ఉప్పు అద్దుకుని తింటున్నాం. దూరంగా కింద రిజర్వాయరు, చేతిరుమాలంత ఉంది. నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను. వదిన చూసింది. అదంటే భయమా అని అడిగింది.

చేతిలో దుంప కింద పెట్టేశాను. ఎవరు చెప్పారని అడిగాను.

ఎవరూ చెప్పలేదంది. పోయినేడు రేసు నుంచి నువ్వు తెచ్చిన బ్యాగు ఉతికింది నేనే కదా అంది. సైకిల్ దగ్గర వేసుకోడానికని నేను చుట్టిచ్చిన సాక్సులు, చుట్టిన చుట్ట చుట్టినట్టే తిరిగొచ్చాయి. పరుగు టోపీకి చెమట చుక్క లేదు. తడిసింది ఈత బట్టలొక్కటే. సైకిల్ చెడిపోవాలంటే ముందు సైకిల్ ఎక్కాలి కదమ్మాయ్ అంది.

ఏడాది. ఏడాదిగా ఈ మనిషికి తెలుసు. పండ్లు కోసిచ్చేటప్పుడు, నా బట్టల కుట్లు సరిచేసేటప్పుడు, నేను టైమింగుల గురించి గొప్పలు పోయేటప్పుడు, అన్నిసార్లూ తెలుసు. ఒక్క మాట జారలేదు. అన్నయ్యకి కూడా చెప్పలేదట. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. వదిన ఓదార్చలేదు, ఇంకో దుంప తొక్క తీసి చేతిలో పెట్టింది.

తర్వాత అంది, నాకు దిగుడంటే భయం, మూడు రోజులుగా చూస్తున్నావుగా, దిగి నడవట్లేదా అని. నీళ్లలో దిగి నడవలేను వదినా అన్నాను. అయితే పడుకో అంది. వెల్లకిలా పడుకుంటే తేలతారని టీవీలో చూపించారు, నాకు ఈత రాదు, నువ్వే చెప్పాలి నిజమో కాదో అంది.

నిజమే. ఈత నేర్చుకున్న మొదటి వారమే నేర్పారు నాకు.

జూన్ 19, గురువారం

అన్నయ్య కారు వెనక సైకిళ్లు తగిలించుకుని ఇల్లు చేరాం. నాలుగు రోజులూ వదినని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మంలోనే అన్నయ్య గోరుకత్తెర ఎక్కడుందని అడిగాడు.

జూన్ 20, శుక్రవారం

తొడల నొప్పికి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. కోచ్‌కి ఈ సంగతి చెప్పలేదు.

జూన్ 21, శనివారం

రేసుకి సైకిల్ అప్పగించే రోజు. అన్నయ్య కారులో ముగ్గురం రెండు గంటలు ప్రయాణం చేసి, రిజర్వాయరు దగ్గరికి చేరాం. నా సైకిల్‌ని స్టాండుకి తగిలించి, బ్యాగులోంచి షూస్ తీశాను. కొండ షూస్.

వదిన మడతల మనిషి. నాకున్న రెండు జతల సైకిల్ షూస్‌నీ కడిగి, ఆరబెట్టి, ఒకే రకం తెల్లగుడ్డ సంచుల్లో, ఒకే రకం ముడివేసి పెట్టింది. నేను గడియారాన్ని. ప్యాకింగ్‌కి ఇరవై నిమిషాలని పెట్టుకున్నాను, సంచి విప్పి చూసే పని అందులో లేదు. మా ఇద్దరి మంచి గుణాలూ కలిసి నన్ను ముంచాయి.

కొండ షూ అడుగున, పెడల్లో ఇరుక్కునే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. రోడ్డు సైకిల్ పెడల్‌కీ దానికీ పొత్తు కుదరదు. సామానంతా ఇవాళే పెట్టేయాలి, ఇంటికెళ్లి వచ్చేలోపు గేటు మూసేస్తారు.

సాకు దానంతటదే నడిచొచ్చి ముందు నిలబడింది. షూస్ మారిపోయాయి, ఏం చేస్తాం అనొచ్చు. నీళ్లలోకి దిగే పనే లేదు. ఒక్క నిమిషం చాలా హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

వదిన మాత్రం కారు వైపు చూస్తోంది. కారు వెనక ర్యాకుకి మా కొండ సైకిళ్లు రెండూ బురదతో అలాగే వేలాడుతున్నాయి. దింపమని అన్నయ్యకి రెండు రోజుల్లో ఐదుసార్లు చెప్పిందట. వాటి పెడల్స్ దీనికి పట్టవా అని అడిగింది.

పడతాయి. అన్నయ్య బద్ధకానికి జీవితంలో మొదటిసారి దణ్ణం పెట్టాను. మెకానిక్ టెంటులో పానా అడిగి తెచ్చాం. అన్నయ్య ఎడమ పెడల్ మీద వేలాడి, చెమటలు కక్కి, తుప్పు పట్టిందని తేల్చాడు. మెకానిక్ వచ్చి, ఎడమది ఎదురు తిప్పాలి సార్, ఇంతసేపూ మీరు బిగిస్తున్నారు అన్నాడు. వదిన అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పక్కనున్న సైకిళ్లన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. నా దానికి మట్టి పెడల్స్. ఇక చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. రేపు దిగాల్సిందే.

జూన్ 22, ఆదివారం, పొద్దున 6.20

వరసలో నిలబడ్డాను. భయం కోసం చూస్తున్నాను. ఆవలింత వచ్చింది. భయపడటానికి కూడా ఓపిక ఉండాలి కాబోలు. ఉన్న ఓపికంతా కొండే తీసేసుకుంది.

ఫోన్‌లోనే రాస్తున్నాను. ఇక అన్నయ్యకి ఇచ్చేయాలి.

అదే రోజు, సాయంత్రం

భయం వచ్చింది. రాకుండా ఎక్కడికి పోతుంది? సరిగ్గా ఈత దారి గుర్తుకి నీళ్ల మీద కట్టిన రెండో బంతి దాటాక, కింద పచ్చదనం నల్లబడిన చోట వచ్చింది. చెయ్యి దానంతటదే లేవబోయింది.

వెల్లకిలా తిరిగాను. ఆకాశం చాలా పెద్దగా ఉంది. చెవుల్లో నీళ్లు, గుండె చప్పుడు, ఇంకేమీ లేదు. ఒంట్లో ఒక్క కండ కూడా గింజుకోలేదు, గింజుకునే శక్తి దానికి లేదు. పోయినేడు నా ఒళ్లే నాతో కొట్లాడింది. ఇవాళ అది అలిసిపోయిన పిల్లలా నీళ్ల మీద వాలింది. పడవలో ఒకాయన దగ్గరికొచ్చి, సాయం కావాలా అమ్మా అని అడిగాడు. వద్దండీ, కాస్త పడుకున్నాను అన్నాను. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. వాచీ చూసుకోలేదు. తర్వాత తిరిగి ఈదాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పడుకున్నాను. మళ్లీ ఈదాను.

కాళ్లకి నేల తగిలింది. నా కాళ్ల మీద నేనే నడిచి బయటికొచ్చాను. గట్టు మీద వదిన అరవలేదు, చేతులూపలేదు. కళ్లు తుడుచుకుని, కారు తాళం ఎక్కడుందని మీ అన్నయ్య అడుగుతున్నాడు అంది. అక్కడే తడి ఒంటితో కౌగిలించుకున్నాను. బట్టలు తడుస్తాయే అంది గానీ వదల్లేదు.

సైకిల్ నెమ్మదిగా సాగింది. మట్టి పెడల్స్ ఒక్కసారీ జారలేదు. పరుగులో సగం నుంచి నడకే. కాళ్లు నావి కావు, ఎవరివో మోసుకొస్తున్నాను. నేను చేరేసరికి రేసు గడువు అయిపోయి కాసేపయింది. ముగింపు దగ్గర గాలితో నిలబెట్టిన గేటు నేల మీద పరుచుకుని ఉంది, ఇద్దరు దాన్ని మడత పెడుతున్నారు. వదిన వాళ్ల దగ్గర నిలబడి, అలా కాదు, కొసలు కలపండి అని చెబుతోంది. నన్ను చూసి వాళ్లు ఆగి, మడత విప్పి, దారి వదిలారు. ఆ గుడ్డ మీదుగా నడిచాను. మెడల్స్ పెట్టె కట్టేశారు. ఒకావిడ తన దగ్గరున్న అరటిపండు ఇచ్చింది. ఇంత తియ్యటి పండు తినలేదు.

కారులో పోయినేడు జరిగింది అన్నయ్యకి చెప్పాను. నాకెందుకు చెప్పలేదే అని మాత్రం అన్నాడు.

జూన్ 24, మంగళవారం

ఫలితాల్లో నా వరసలో ఈత టైము ఉంది, సైకిల్ టైము ఉంది, మొత్తం ఉండాల్సిన చోట గీత ఉంది. కోచ్ ఫోన్ చేసి, చెప్పానా, కొండ నీ కాళ్లు తినేసింది అన్నాడు. తినేసింది అన్నాను. తర్వాత, ఈత బాగా చేశావే అన్నాడు. పోయినేడు నన్ను బోటులోకి లాగారని అతనికీ చెప్పాను.

ఆఫీసులో పక్క సీటాయన రేసు పూర్తయిందా అని అడిగాడు. లేదని చెబితే జాలిపడ్డాడు. నేను మళ్లీ నవ్వాను. ఈసారి బస్సుల గురించి అడగలేదు.

జూన్ 28, శనివారం, తెల్లవారుజాము

కల. నీళ్లలో ఉన్నాను, ఎటు చూసినా ఒడ్డు లేదు. పక్కనే వదిన నీళ్ల మీద సైకిల్ తొక్కుతూ, ఎక్కుడు ఎక్కువైందని తిడుతోంది. నేను ఒడ్డు కోసం వెతకలేదు.