ఎడమది ఒక మెట్టు కింద

మార్చి 4

ఆరు నెలలు అయింది. ఎడమది ఇంకా నేల చూపులే చూస్తోంది. కుడిది మాత్రం ఎదురింటి డాబా మీదికి చూస్తోంది. బ్రెస్ట్ లిఫ్ట్ అన్నారు. లిఫ్ట్ అంటే రెండూ ఒకే ఫ్లోర్‌లో ఆగాలి కదా.

డాక్టరుకి నేను పెట్టిన పేరు వెయిట్‌చేద్దాం. అసలు పేరు బోర్డు మీద ఉంది, దాని వెనకాల డిగ్రీల రైలుబండి కూడా ఉంది. మొదటి నెల వెళితే వాపమ్మా, వెయిట్ చేద్దాం అన్నాడు. మూడో నెల వెళితే సెటిల్ అవుతుందమ్మా, వెయిట్ చేద్దాం అన్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినదాన్ని నేను. ఆ మాట చెప్పడం నాకూ వచ్చు. వెనకాల ఇంకోటి ఖాళీగా వస్తోంది, అందులో ఎక్కండి అని ఎంతమందిని దించేశానో. వెనకాల ఏ బస్సూ ఉండేది కాదు. అందుకే ఆయన నోట ఆ మాట వినగానే ఒళ్ళు మండుతుంది.

ఆయన ఆ ఏరియా అంటాడు. చెల్లి అవి అంటుంది. నర్సు కళ్ళతో చూపిస్తుంది. రొమ్ములు. ఇదిగో, రాశాను. పెన్నేమీ విరగలేదు.

మార్చి 5

లైటు ఆర్పేసి స్నానం చేశాను. నా బాత్‌రూమ్‌లో నేనే దొంగలాగా.

మార్చి 9

చెల్లి వచ్చింది. నోరు జారి దానికి చెప్పాను, రెండూ సమానంగా రాలేదని. అరవై రెండేళ్ళకి నీకెందుకే అక్కా ఈ సింగారం, చూడ్డానికి బావ కూడా లేడాయె అంది. ఉన్నా చూసేవాడు కాదే, పేపరు చదువుకునేవాడు అన్నాను. నవ్వింది గానీ ఆగలేదు. జాకెట్టు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది, ఊరుకోవే అంది.

ఊరుకోవే అట. దానికి చెప్పని సంగతి ఇక్కడ రాసుకుంటాను.

ఆఫీసుల వేళ బస్సులో వెనక తలుపు నుంచి డ్రైవరు సీటు దాకా జనంలోంచి తోసుకుంటూ వెళ్ళాలి. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చెయ్యి పై రాడ్డు మీద. అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి ఎవరూ ఇవ్వలేదు. మోచేతులు, సంచులు, గొడుగులు. కొన్ని తెలియక తగులుతాయి. ఏవి తెలిసి తగులుతాయో ప్రతి ఆడ కండక్టరుకీ తెలుసు. గొడుగాయన అని ఒకడుండేవాడు. మండుటెండల్లో కూడా గొడుగు తెచ్చేవాడు, దాన్ని ఒక్కసారీ తెరవగా చూడలేదు. ఒకరోజు లాక్కుని కిటికీలోంచి పారేశాను. బస్సు ఆపవయ్యా అని వాడు మొత్తుకుంటుంటే మా డ్రైవరు ఆపలేదు సరికదా, పండగలా హారన్ కొట్టాడు. రాస్తూ రాస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాను.

పిల్లలు పాలు తాగినన్నాళ్ళు అవి పిల్లలవి. తర్వాత మా ఆయనవి. డ్యూటీలో జనం మోచేతులవి. రిటైరయ్యాక ఒకరోజు ఒళ్ళు తుడుచుకుంటూ చూసుకుంటే, ఇప్పుడు నావి కదా అనిపించింది. తీరా నావి అయ్యేసరికి బొడ్డుని పలకరించడానికి బయల్దేరాయి. లేపించుకుందామనుకున్నాను. ఎవరికి చూపించడానికే అంటే, నాకు.

చెల్లికి టీ ఇచ్చి పంపేశాను.

మార్చి 17

వెయిట్‌చేద్దాం దగ్గరికి వెళ్ళాను. చూసి బ్యూటిఫుల్ అన్నాడు. నన్ను కాదు, తన చేతిపనిని. మా డ్రైవరుకి కూడా తన బ్రేకు మీద ఇలాంటి అభిప్రాయమే ఉండేది. సీట్లోంచి ఎగిరి పడ్డవాళ్ళ అభిప్రాయం వేరు.

ఎడమది కిందికి ఉందండీ అన్నాను. కొంచెం తేడా అందరికీ ఉంటుందమ్మా, వాటిని అక్కచెల్లెళ్ళు అనుకోవాలి, కవలలు అనుకోకూడదు అని తనే నవ్వాడు. రోజూ చెప్పే జోకని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. పైగా ఈయన మా చెల్లిని చూడలేదు.

కింద కుట్ల మచ్చ తాడులా గట్టిపడిందండీ, దురద పెడుతోంది అన్నాను. క్రీమ్ రాసిచ్చాడు. లేస్తుంటే, మీ వయసుకి చాలా బాగా వచ్చిందమ్మా అన్నాడు.

మీ వయసుకి! ఆపరేషన్‌కి ముందు ఈ వయసు ఎక్కడికి పోయింది? అప్పుడు నేను యంగ్‌గా ఉన్నానట.

మార్చి 18

కోడలు బట్టల షాపులో అద్దాల వెనక బొమ్మలకి బట్టలు తొడుగుతుంది. ఇంకో డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా, ముందు ఫోటోలు తీసి పెడతాను అంది. నా కొడుకుకి పాలిచ్చినవే కదా, వాడి పెళ్ళాం ముందు సిగ్గేమిటి అనుకుని జాకెట్టు విప్పాను. మొహం రాకుండా తియ్యి అన్నాను. మీ మొహమే కాస్త నయం, పోనీ అదొక్కటే తియ్యనా అంది. ఈ పిల్ల నోటికి ఏదో ఒకరోజు తాళం వెయ్యాలి.

ఫోను ఎత్తగానే నేను నిటారుగా అయిపోయాను. ఫోటో చూస్తే రెండూ సమానంగా ఉన్నాయి! మతి పోయింది నాకు. ఏమే, నీ ఫోను కూడా ఆ డాక్టరు పక్షమేనా అన్నాను. కోడలు నవ్వలేదు. ఇప్పుడు ఊపిరి వదిలెయ్యండత్తయ్యా, వంటింట్లో నిలబడ్డట్టు నిలబడండి అంది. వదిలేశాను. ఎడమ భుజం దిగిపోయింది. దాంతోపాటు రొమ్మూ దిగింది. మీ భుజం ఎప్పుడూ అంతే కదా, నేనొచ్చినప్పటి నుంచీ చూస్తున్నా అంది.

భుజం సంగతి నాకూ తెలుసు. ముప్ఫై ఏళ్ళు చిల్లరతో నిండిన క్యాష్ బ్యాగు మోసిన భుజం అది. తెలియనిదల్లా ఆ పొద్దున ఏం జరిగిందో.

ఆపరేషన్ రోజు పొద్దున కోయబోయే చోట గుర్తులు గీయడానికి డాక్టరు వచ్చాడు. తెల్ల కోటు, చేతిలో పెన్ను. స్ట్రెయిట్‌గా నిలబడమ్మా అన్నాడు. చెకింగ్ ఇన్‌స్పెక్టరు బస్సెక్కినప్పుడు ఎలా బిగుసుకునేదాన్నో అలా బిగుసుకుపోయాను. అది నేను చేసింది కాదు, నా ఒళ్ళు చేసింది. పెన్ను పట్టుకున్న మగవాడు ఎదురుగా నిలబడితే దానికి అదే తెలుసు.

ఆయన ఆ బిగుసుకుపోయిన మనిషికి కొలిచి గీశాడు. ఆ మనిషి రోజుకి రెండు నిమిషాలు కూడా ఉండదు. మిగతా రోజంతా ఉండేది నేను.

మార్చి 19

అంటే తప్పు నాదేనా? పొద్దుటి నుంచి నా మీద నాకే కోపం. సాయంత్రానికి అది తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది. దానికి అక్కడే బాగున్నట్టుంది.

ఏప్రిల్ 2

రెండు ఫోటోలూ వెయిట్‌చేద్దాం ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఇంట్లో బరువులేమైనా మోస్తారా అమ్మా అని అడిగాడు. బస్సు కండక్టరునండీ అన్నాను. తలెత్తాడు. ఆయన నా మొహం చూడటం అదే మొదటిసారి అనుకుంటా. ఆ సంగతి మీరు చెప్పలేదే అన్నాడు. మీరు అడగలేదే అన్నాను. షుగరుందా, బీపీ ఉందా, సిగరెట్టు తాగుతారా అని అడిగారు గానీ, ఇన్నేళ్ళూ ఏం పని చేశావమ్మా అని అడగలేదే అన్నాను.

అప్పుడు ప్లేటు ఫిరాయించాడు. భుజం ముందు నుంచీ అలా ఉంది కాబట్టి ఇది సర్జరీ ప్రాబ్లం కాదట. ముందు నుంచీ ఉంటే మీకు ముందే కనిపించాలి కదా అన్నాను. గొంతు లేచింది. బస్సులో చివరి సీటు దాకా వినబడ్డ గొంతు, వాళ్ళ వెయిటింగ్ హాలు దానికెంత? నర్సు తలుపు మూయబోయింది. ఉండనీయమ్మా, కాస్త గాలి రానీ అన్నాను.

ఆయన నీళ్ళు తాగాడు. సరే, పొరపాటు మన ఇద్దరిదీ, చిన్న టచప్‌తో పోతుంది, వచ్చే వారమే చేసేద్దాం అన్నాడు.

మన ఇద్దరిదీ అట! కత్తి ఇద్దరం పట్టుకున్నామా? నేను మత్తులో ఉన్నాను. ఈయన మెలకువగానే ఉన్నాడుగా? నాకు కావలసింది ఒక్క మాట. చూడాల్సిందమ్మా, చూడలేదు. అంతే. ఆ మాట అని ఉంటే ఈయనతోనే మళ్ళీ చేయించుకునేదాన్నేమో. అనలేదు. ఆరు నెలలు వెయిట్ చేద్దాం అన్న మనిషికి, దీన్ని చెరిపెయ్యడానికి మాత్రం ఎక్కడలేని తొందర.

బయట ఒక అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. ఏమైందాంటీ, బాగా చెయ్యరా అని అడిగింది. బాగానే చేస్తాడమ్మా, నువ్వు మాత్రం స్ట్రెయిట్‌గా నిలబడకు అన్నాను. ఏం అర్థమైందో ఏమో, వెనక్కి వాలి కూర్చుంది.

ఏప్రిల్ 21

ఇంకో డాక్టరు. ఆడమనిషి, నెరిసిన జుట్టు. గుమ్మం నుంచి కుర్చీ దాకా నేను నడిచి వస్తుంటే చూస్తూనే ఉంది. ఏం ఉద్యోగం చేసేవారు అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. అది కూడా కోపమే. ఇంత చిన్న ప్రశ్నకా నేను ఇన్ని తిప్పలు పడ్డది?

దాపరికం లేకుండా చెప్పింది. ఎడమదాన్ని పైకి తేవచ్చు. మళ్ళీ కోత, మళ్ళీ మచ్చ. చనుమొనకి ఇప్పుడున్న స్పర్శ మిగులుతుందని మాట ఇవ్వలేదు. పైగా భుజం మారదు. మామూలుగా ఉన్నప్పుడు సమానంగా ఉండేట్టు చేస్తే, నిటారుగా నిలబడ్డప్పుడు ఎడమది పైకి పోతుంది. రెండూ కుదరవు, మీకు ఏది కావాలి అని అడిగింది.

ఆలోచించుకుని చెప్తానన్నాను.

తొందర లేదు, మొదటి గాయం మెత్తబడాలి, ఏడాది నిండాక గానీ ముట్టుకోను అంది. ఈవిడా వెయిటే! కాకపోతే ఎందుకో చెప్పింది.

జులై 30

చెల్లి ఫోను చేసింది. ఆ పిచ్చి ఇంకా వదల్లేదా, మళ్ళీ కోయించుకుంటావా, నీకేమన్నా అయితే నాకెవరున్నారే అని అరిచింది. భయపడి అరుస్తోందని తెలుసు. అయినా నేనూ అరిచాను. ఇద్దరం ఒకేసారి పెట్టేశాం.

తర్వాత లైటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఒకసారి నిటారుగా, ఒకసారి మామూలుగా. నిటారుగా ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాను. అలా ఎంతసేపు ఉంటాను? ఎవరి కోసం ఉండాలి?

డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను, ఊపిరి పీల్చుకునేటప్పుడు సమానంగా ఉండాలి అని. సరేనండీ అంది. స్పర్శ పోతే నన్ను తిట్టుకోకూడదు అంది. తిట్టుకుంటాను, మీకు వినబడేట్టే తిట్టుకుంటాను, అయినా చెయ్యండి అన్నాను.

అక్టోబరు 8, ఉదయం ఏడు

డాక్టరమ్మ గీతలు గీసేసింది. రెండు వైపులా ఒకే ఎత్తులో లేవు. అలాగే ఉండాలట.

కోపం ఇంకా ఉంది. దాన్ని కూడా లోపలికి తీసుకెళ్ళొచ్చా అని నర్సుని అడిగాను. కళ్ళజోడు మాత్రం తీసెయ్యమంది.