రెండు చాలన్నాను

ఇర్వింగ్

ఏమండీ,

ఫోన్‌లో మీకు సగం వినపడదు, మిగతా సగం అక్కడ కోడలు వింటుంది. అందుకే రాస్తున్నాను. ఇది ఇక్కడ అమ్మాయికి కూడా చెప్పలేదు.

మన మనవరాలు కృతి కాలేజీ దరఖాస్తుతో పాటు తన పాట ఒకటి పంపాలి. ఇంట్లోనే రికార్డ్ చేయడానికి ఒక పెట్టె కొనాలట. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మైకుల తీగలు దానికి గుచ్చితే పాట కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఎన్ని ఇన్‌పుట్లుంటే అన్ని మైకులు. నెల్లాళ్ళుగా కృతి పాడుతుంటే, దాని స్నేహితురాలు అవని గిటార్ వాయిస్తుంటే, నేను అమ్మాయి పాత వీణకు దుమ్ము దులిపి వాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. చరణానికి ముందు వీణ ఒక్కటే పలికే చోటు కూడా కుదిరింది. ఈ వయసులో నాకు ఇంత సరదా ఏమిటని మీరు నవ్వుతారు.

నిన్న అది ల్యాప్‌టాప్ తెచ్చి రెండు బొమ్మలు చూపించింది.

"అమ్మమ్మా, ఇది టూ ఇన్‌పుట్స్, ఇది ఫోర్. మేము రికార్డ్ చేయాలి కదా. ఏది కొనాలి?"

మేము అంది. మనం అనలేదు. అంటే వాళ్ళిద్దరే. మనసు చివుక్కుమంది కానీ పైకి తేలనివ్వలేదు. రెండు చాలమ్మా అన్నాను. అది కాసేపు నా ముఖం చూసి సరేనంది. నేను వెళ్ళి వీణకు గుడ్డ కప్పేశాను. అబ్బాయితో చెప్పి టికెట్ బుక్ చేయించండి, నేనూ అక్కడికే వచ్చేస్తాను.

మీ రాధారాణి

రెడ్‌మండ్

రాధా,

టికెట్ సంగతి తర్వాత. ఆదివారాలు కృతి నాతో వీడియోలో చదరంగం ఆడుతుంది కదా. "తాతయ్యా, మేము ఆడదామా?" అంటుంది. ఆడేది అదీ నేనూ మాత్రమే. ఇంగ్లీషులో మేము, మనం రెంటికీ ఒకటే మాట కాబట్టి తెలుగులోనూ ఒకదానితోనే సరిపెట్టుకుంటోంది. ముద్దొచ్చి నేనూ దిద్దలేదు. నువ్వేమో దాని మీద అలిగి కూర్చున్నావు. వెళ్ళి దాన్నే అడుగు.

హనుమయ్య

ఇర్వింగ్

ఏమండీ,

మీ ఉత్తరం వచ్చేసరికే పెట్టె రావడం, రికార్డింగ్ అవడం, పాట కాలేజీకి వెళ్ళిపోవడం అన్నీ అయిపోయాయి. అయినా అడిగాను. మేము అంటే ఎవరే అంటే, తనూ అవనీ నేనూ అని చెప్పింది. మరి నన్నెందుకు పిలవలేదంటే, "నువ్వే రెండు చాలు అన్నావ్ కదా. నీకు ఇష్టం లేదు అనుకున్నా. ఫోర్స్ చేయొద్దు అని మమ్మీ చెప్పింది" అంది. సిగ్గేసింది. ఆ రోజే నోరు తెరిచి అడిగితే నా సొమ్మేం పోయేది?

పాట వినిపించమన్నాను. ఎంత బాగా పాడిందో. చరణానికి ముందు ఉన్నట్టుండి గిటార్ ఆగిపోయింది. గొంతు లేదు, ఏ చప్పుడూ లేదు. కొంతసేపటికి మళ్ళీ మొదలైంది. ఇదేమిటే అన్నాను. అక్కడ గిటార్ వాయిస్తానని అవని అంటే కృతే ఒప్పుకోలేదట.

"అది నీ ప్లేస్ కదా అమ్మమ్మా" అంది.

కాలేజీలో వినేవాళ్ళు రికార్డింగ్ చెడిందనుకుంటారు. చెడగొట్టింది నేనని వాళ్ళకెవరు చెబుతారండీ?

రాధ